ఫోర్‌వీల్ బిళ్ళ

నేను ఒక బిళ్ళను. ప్లాస్టిక్ ముక్కని 4×4 అనే ఆకారంలో పోతపోసి, పైన వెండిరంగు పూత పూసి, వెనక జిగురు పట్టీ అంటించి నన్ను లోకం మీదికి వదిలారు. బండి వెనక తలుపు మీద అతుక్కుని ఉండడమే నా ఉద్యోగం. నాకు ఇంజను లేదు, గేరు లేదు. ఉన్నదల్లా ఒక్క మాట. ఈ బండి ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందుతుంది, కాబట్టి బురదలో దిగినా ఇసుకలో దిగినా బయటికొస్తుంది అని నేను నా వెనక వచ్చేవాళ్ళకి చెబుతాను. ఆ మాట నిజమైన బండి మీద కొన్నాళ్ళు బతికాను. అబద్ధమైన బండి మీద కూడా బతికాను. ఆ రెండో బతుకే మీకు చెప్పాలని ఉంది, చెప్పడానికి సిగ్గుగానూ ఉంది.

నా మొదటి బండి దక్షిణ ఆస్ట్రేలియాలో నెవిల్ అనే గొర్రెల రైతుది. అసలైన ఫోర్‌వీల్ బండి. వాగుల్లో దిగేది, ఇసుక దిబ్బలెక్కేది, ఈనలేక పడిపోయిన గొర్రెల్ని మోసుకొచ్చేది. ఆయన నన్ను ఒక్కసారి కూడా తుడిచిన పాపాన పోలేదు. బురద కింద నేను కనపడకపోయినా నా మాట నిలబడుతూనే ఉండేది. చివరికి ఆ బండి ఇంజను కాలిపోయింది. నెవిల్ టోపీ తీసి తల గోక్కుని, దాన్ని అడిలైడ్ ఊరి చివర పాత బండ్ల యార్డుకి తోలించేశాడు. పక్కన తలుపుల్లేని కార్లు, అద్దాల్లేని వ్యాన్ల మధ్య ఎండకి ఎండుతూ, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

అక్కడికి ఏడుకొండలు వచ్చాడు.

యాభై దాటిన మనిషి. సిటీ బస్సు డ్రైవరు యూనిఫాం మీద స్వెట్టరు తొడుక్కున్నాడు. నన్ను చూడగానే ఇటూ అటూ చూశాడు. యార్డు వాడికి డబ్బు కట్టే తీసుకుంటున్నాడు గానీ, ఆ చూపు మాత్రం పరాయివాళ్ళ దొడ్లో జామకాయ కోసేవాడి చూపు. నైలాన్ దారం నా వెనకగా దూర్చి, రంపంలా లాగి, నన్ను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మంచి బండి మీదికే పోతున్నానని మురిశాను. బిళ్ళలం, మాకు అంతకంటే ఆలోచన ఉండదు.

ఆయన ఇంటి షెడ్డులో నిలబడి ఉన్నది తెల్ల క్యాంపర్‌వాన్. లోపల పరుపు, రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న సింకు, గరిటెలకి ఒక సొరుగు. ముచ్చటైన బండి. కానీ దాని ఇంజను బలం వెనక రెండు చక్రాలకే. ముందు రెండూ ఊరికే దొర్లుతాయి. ఆ సంగతి ఏడుకొండలుకి నాకంటే బాగా తెలుసు. అయినా వెనక తలుపు సబ్బుతో కడిగి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, నన్ను అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. 

ఎందుకిలా చేశాడో షెడ్డులో ఉండగా విన్న మాటల్ని బట్టి తర్వాత తెలుసుకున్నాను. ఆయనది, ఆయన భార్య సులోచనది సూళ్ళూరుపేట. సులోచన నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఇద్దరూ ఈ దేశం వచ్చారు. అక్కడ పొగాకు కంపెనీలో గుమాస్తాగా ఉన్న మనిషి ఇక్కడ బస్సు నేర్చుకున్నాడు. తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా ఆయన్ని ‘సులోచన గారి ఆయన’ అనే పరిచయం చేసేవారు. ఆ మాటలో తప్పేం లేదు. ఏళ్ళ తరబడి వినీ వినీ ఆయనకి అది ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది.

ఆ ఏడు ఉగాదికి పార్కులో అందరూ కలిశారు, సులోచనకి మాత్రం ఆ రోజు డ్యూటీ. ఏడుకొండలు క్యాంపర్‌వాన్ కొన్నాడని, ఎడారి వైపు పెద్ద ప్రయాణం పెట్టుకున్నాడని తెలిసి పదిమంది చుట్టూ మూగారు. ఏ దారి, ఎన్నాళ్ళు, నీళ్ళెట్టా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మొదటిసారి ఆయన మాట కోసం జనం నిలబడ్డారు. అప్పుడు శేషగిరి అనే ఆడిటరు, పెద్ద జీపున్న మనిషి, అడిగాడు.

“ఫోర్‌వీలేనా ఏడుకొండలు గారూ? ఆ దారులకి మామూలు బండి పనికిరాదు సుమా.”

“ఆఁ, ఫోర్‌వీలే,” అన్నాడు ఏడుకొండలు.

నోట్లో ఉగాది పచ్చడి మింగేలోపు సర్దుకోవచ్చు. సర్దుకోలేదు. “అయితే ఒకసారి వచ్చి చూస్తా,” అన్నాడు శేషగిరి. అందుకని నేను కావలసివచ్చాను.

నన్ను అంటించిన సాయంత్రం సులోచన డ్యూటీ నుంచి వచ్చి, సంచి భుజానే ఉండగా నా ముందు ఆగింది.

“ఏందండీ ఇది, కొత్తగా?”

“మొదట్నుంచీ ఉండేదే. ఊడిపోతే తిరిగి అంటించా.”

“అయితే మనది ఫోర్‌వీలా? మీరు కొన్నప్పుడు చెప్పలేదే.”

“మరేందనుకున్నావు?” అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె నన్ను వేలితో తడిమి నవ్వింది. శేషగిరికి చెప్పింది ఒక రకం అబద్ధం. ఇది వేరే రకం. ఆ వేలి కింద నేను కరిగిపోతే బాగుండుననిపించింది.

సులోచనకి ఈ ప్రయాణం మీద ఆశ పుట్టింది పక్షుల వల్ల. ఈ దేశం నడిమధ్య ఎడారిలో ఐర్ సరస్సు అని ఒకటుంది. పేరుకే సరస్సు, చాలా ఏళ్ళు ఉప్పు పేరుకుని ఎండిపోయి ఉంటుంది. ఎక్కడో ఉత్తరాన కుండపోతగా కురిస్తే ఆ నీళ్ళు నదులు పట్టుకుని వారాల తరబడి నడిచొచ్చి దాన్ని నింపుతాయి. అప్పుడు సముద్రం ఒడ్డునుంచి సంచిలాంటి ముక్కున్న గూడబాతులు వేలకి వేలు లేచి వస్తాయి. ఆ ఏడు నీళ్ళొచ్చాయి. ఆస్పత్రి టీవీలో అది చూసినప్పటినుంచి ఆమెకి మనసు నిలవలేదు. సూళ్ళూరుపేట పక్కనే పక్షుల చెరువున్న నేలపట్టు. గూడబాతుల అరుపులు వింటూ పెరిగిన మనిషి.

“అంత దూరాన ఉండే పిట్టలకి ఎడారిలో నీళ్ళొచ్చిన సంగతి ఎట్టా తెలుస్తుందండీ?” అనేది. “ఒడ్డుదాకా పోవాలి. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలి. అంతే నాకు.”

శేషగిరి వచ్చి నన్ను చదివి, నమ్మి పోయాడు. ఆదివారాలు షెడ్డులో, బండి వెనక తలుపు పైకెత్తి, మడత బల్ల వేసుకుని పథకం వేసేవాళ్ళు. తలుపు పైకి లేచినప్పుడు నా మొహం షెడ్డు రేకుల వైపు తిరిగేది. వాళ్ళని చూడనక్కరలేకపోవడం నాకు హాయిగానే ఉండేది, కానీ మాటలు వినపడేవి. సులోచన వార్డులో రోగిని చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంది. మనిషికి రోజుకి ఎంత నీళ్ళు, దారిలో ఆగిపోతే ఎన్నాళ్ళకి సరిపడా తెచ్చుకోవాలి, మట్టి రోడ్డు మీద టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, పెట్రోలు బంకు తర్వాత బంకు ఎంత దూరం, ఫోను అందని చోట ఎవరికి చెప్పి వెళ్ళాలి. పప్పుల పొడి, గోంగూర, ఎండు చేపలు ఏ డబ్బాలో వాసన బయటికి రాకుండా ఉంటాయో కూడా.

“పెద్ద మట్టి రోడ్డు ఎండగా ఉంటే ఏ బండైనా పోతుందట,” అందొక ఆదివారం, ఫోనులో చదువుతూ. “దాని మీదనుంచి ఒడ్డుకి చీలే దారి మాత్రం ఫోర్‌వీల్‌కే అని రాశారు. మనకి పర్లేదు కదా.”

ఏడుకొండలు గ్లాసు కింద పెట్టాడు. “ఒడ్డుదాకా ఎందుకులే సులోచనా. రోడ్డు మీదనుంచే సరస్సు కనపడే చోటుందట. లేదంటే చిన్న విమానాలు తిప్పుతారు. పైనుంచి చూస్తే ఇంకా బాగుంటుంది.”

“పైనుంచి చూస్తే కాళ్ళెట్టా తడుస్తాయి?”

ఆయన గ్లాసుని బల్ల మీద తిప్పుతున్న చప్పుడు. నిజం ఆయన గొంతుదాకా వచ్చి ఆగిందని నాకు తెలుసు. సులోచన నెమ్మదిగా అడిగింది. “ఏమండీ, బండిలో ఏమైనా ఇబ్బందుందా? ఉంటే చెప్పండి, దారి మార్చుకుందాం.”

అంతకంటే సులువైన తలుపు ఏ మగవాడికీ ఎవరూ తెరిచిపెట్టరు. ఏడుకొండలు ఆ తలుపుని విసురుగా మూశాడు.

“నువ్వు డ్రైవరువా, నేను డ్రైవర్నా?”

ఆమె ఫోను బల్ల మీద బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి టీ తెచ్చి ఇచ్చింది. ఇక బండి గురించి ఎప్పుడూ అడగలేదు. ఒడ్డు దారి పథకంలో గట్టిగా నిలబడిపోయింది, నా మూలంగానే. నెవిల్ బండి మీద అన్నేళ్ళు బురద కప్పుకున్నా మురికి పట్టలేదు గానీ, ఆ శుభ్రమైన తెల్లటి తలుపు మీద నాకు మొదటిసారి మురికిగా అనిపించింది.

జూలైలో బయలుదేరారు. చలికాలం, చల్లటి ఎండ. తారు రోడ్డు ఉన్నంతసేపూ ఇద్దరూ చిన్నపిల్లల్లా ఉన్నారు. గోధుమ చేలు అయిపోయాయి, చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత చెట్లే లేవు. ఎర్రమట్టి రోడ్డు మొదలయ్యాక నా మీద ధూళి పొరలు పొరలుగా పేరుకుంది. ఏడుకొండలు జాగ్రత్తగా, బస్సులో ముసలివాళ్ళున్నట్టు తోలాడు. మంచి డ్రైవరు, ఆ మాట చెప్పాలి. ఆయన నిజంగా చేయగలిగిన పనికి ఎవరైనా మెచ్చుకుని ఉంటే నాతో అవసరమే వచ్చేది కాదేమో.

చీలిక దారికి ముందు ఒక బంకు, దాని పక్కనే టీ దొరికే గది. ముందురోజు అక్కడ కాస్త జల్లు పడిందట. బంకు నడిపే ఆయన గడ్డం తుడుచుకుంటూ బయటికొచ్చి అడిగాడు.

“ఒడ్డుకా? పైన ఆరినట్టుంది గానీ కింద బంకమట్టి తడిగానే ఉంది. మీది ఫోర్‌వీలేనా?”

సులోచన సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఏడుకొండలు నోరు విప్పలేదు. గడ్డంతో బండి వెనక్కి, నా వైపు చూపించాడు. బంకు ఆయన వచ్చి నా మీద ధూళి బొటనవేలితో తుడిచి, చదివి, తల ఊపాడు. “సరే, నెమ్మదిగా పోండి.”

మనుషులు తమ నోటితో చెప్పలేని అబద్ధాల్ని మా చేత చెప్పిస్తారు. నేను మూగదాన్ని. కాదని అరవలేను. అక్కడికక్కడే ఊడి రాలిపడదామనుకున్నాను, కానీ ఏడుకొండలు తలుపు అంత బాగా కడిగి అంటించాడు.

చీలిక దారిలో కొంత దూరం బండి బాగానే పోయింది. తర్వాత ఒక పల్లం. పైన పొడిపెచ్చు, కింద సబ్బులాంటి మట్టి. వెనక చక్రాలు గిర్రున తిరిగి, బురద నా మొహాన కొట్టి, ఇరుసుదాకా కూరుకుపోయాయి. ముందు చక్రాలు ఏమీ పట్టనట్టు ఊరుకున్నాయి. ఏడుకొండలు ముందుకీ వెనక్కీ ఊపాడు. బండి ఇంకాస్త దిగింది.

“ఫోర్‌వీల్ వెయ్యండి,” అంది సులోచన దిగి వచ్చి. ఆమెకి తెలిసిన మాట అదే. “ఏదో బటను ఉంటుందంట కదా.”

“వేశా. పట్టడం లేదు,” అన్నాడు.

ఆ బండిలో అలాంటి బటనే లేదు. పార తీసుకుని చక్రాల ముందు తవ్వసాగాడు. చెమటలు కారుతున్నాయి. ఫోను అందడం లేదు. చివరికి పార విసిరేసి, “నేను నడిచి బంకుకి పోయొస్తా,” అన్నాడు.

“పోవద్దు. బండి దగ్గరే ఉండాలని ఎన్నిసార్లు చదివాం? బండి కనపడుతుంది, మనిషి కనపడడు.” ఆమె పార తీసి పక్కన పెట్టింది. “నీళ్ళున్నాయి, తిండుంది. ఎవరో ఒకరు వస్తారు. కూర్చోండి.”

ఆమె పథకమే వాళ్ళని ఆ మధ్యాహ్నం కాపాడింది. బండి నీడలో కూర్చోబెట్టి ఆయనకి పెరుగన్నం పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన దాన్ని ఎంతోసేపు నమిలాడు.

ఎండ వాలుతుండగా ఒక పాత ట్రక్కు వచ్చింది. తోలుతున్నది రోండా, అక్కడి పశువుల ఎస్టేటు మనిషి. అరవై ఏళ్ళుంటాయి. ఒడ్డున పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళకి గ్యాసు, కూరగాయలు తీసుకుపోతోంది. మాటలు వృథా చెయ్యకుండా తాడు తీసి, కొక్కెం ఎక్కడ తగిలించాలో చూడడానికి నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది.  తర్వాత కిందనుంచే అడిగింది.

“ముందు చక్రాలకి ఇంజను నుంచి ఏమీ పోవడం లేదే? ఇది ఫోర్‌వీల్ కాదు. ఆ బిళ్ళ ఎవరు పెట్టారు?”

గాలి కూడా లేదు. సులోచన ఏడుకొండలు వైపు చూసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. రోండా బయటికి జరిగి, ఇద్దరి మొహాలూ చూసి, అడక్కూడనిది అడిగానని గ్రహించినట్టు వెంటనే తాడు ముడి సరిచూసుకోవడంలో పడింది. ఆమె కూడా సిగ్గుపడింది. తప్పు తనది కాకపోయినా సిగ్గుపడగలిగిన మనుషులు కొందరుంటారు. నా జిగురంతా ఎండిపోయినట్టయింది.

బండిని వెనక్కి లాగి గట్టి నేల మీదికి చేర్చాక రోండా అంది. “నేను ఒడ్డుకే పోతున్నా. పొద్దు గూకేలోపు తిరిగొస్తా. ముందు సీట్లో ఇద్దరికి చోటుంది.”

సులోచన ట్రక్కు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

“రండి,” అంది.

“బండి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. నువ్వెళ్ళు.”

కనుచూపు మేర దొంగతనం చెయ్యడానికి ఒక్క మనిషి లేడు.

“ఏమండీ, రండి.”

ఆయన టైరు ముందు గొంతుక్కూర్చుని, గాలి చూస్తున్నట్టు వేలితో నొక్కుతున్నాడు. తల ఎత్తలేదు. ట్రక్కు తలుపు పడిన చప్పుడు, దూరమైన ఇంజను చప్పుడు. అది వినపడకుండా పోయాక ఆయన అక్కడే మట్టిలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తర్వాత లేచి అట్లకాడ తెచ్చాడు. దాని అంచు నా కిందికి దూర్చి పెకలించాడు. ఊడి చేతిలోకి వచ్చాను. బండంతా ఎర్రటి ధూళి, నేనున్న చోట మాత్రం తెల్లగా 4×4, ముందుకంటే స్పష్టంగా. గుడ్డ తడిపి రుద్దాడు. ఆ చోటొక్కటే కడిగినట్టు మెరిసింది. ఇక లాభం లేదని తలుపంతా తుడవడం మొదలుపెట్టాడు, తాగే నీళ్ళని పొదుపుగా గుడ్డ మీద చల్లుకుంటూ. నన్ను పారేస్తాడనుకున్నాను. చెయ్యి ఎత్తి విసరబోయి, ఆ శుభ్రమైన నేల వైపు చూసి, నన్ను గరిటెల సొరుగులో వేశాడు. తర్వాత సొరుగు మూయకుండానే అన్నం వండి చారు పెట్టాడు.

పొద్దు గూకుతుండగా సులోచన వచ్చింది. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. చీలమండల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. మొహంలో నేనెన్నడూ చూడని వెలుగు, ఆయన్ని చూడగానే సర్దుకుంది.

“ఎట్టా ఉంది?” అడిగాడు.

ఆమె చెప్పబోయింది. రెండు చేతులూ పైకి లేచాయి, రెక్కలు చూపించబోయినట్టు. మళ్ళీ దించుకుంది.

“మీరు చూడాల్సింది,” అంది.

తిన్నారు. చారులో ఉప్పు సరిపోయిందా అన్నాడు, సరిపోయిందంది. పళ్ళెం కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

“నీళ్ళు చూడాలన్నా గానీ, నాలుగు చక్రాల మీద పోయి చూడాలన్నానా? ఒక్క మాట చెప్పుంటే రోడ్డు మీదనుంచే చూసేవాళ్ళం. ఇద్దరం.”

ఆయన ఆమె చేతిలో పళ్ళెం అందుకుని తుడిచాడు. 

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం తెలుగువాళ్ళు ప్రయాణం కబుర్లు వినడానికి వాళ్ళ షెడ్డుకే వచ్చారు. క్యాంపర్‌వాన్ స్టవ్వు మీదే టీ పెట్టాలని అందరికీ సరదా. చెంచాల కోసం సొరుగు తెరిచే ఉంది కాబట్టి నాకు అన్నీ కనపడ్డాయి, వినపడ్డాయి. సులోచన ఫోను చేతులు మారుతోంది. మోకాళ్ళదాకా నీళ్ళలో ఆమె, వెనక ఆకాశం నిండా గూడబాతులు.

“ఫోటో అద్భుతంగా ఉంది,” అన్నాడు శేషగిరి. “ఫోర్‌వీల్ ఉండబట్టి ఒడ్డుదాకా పోగలిగారు. తీసిందెవరు?”

ఫోను వెనక్కి తీసుకుంటూ సులోచన అంది. “ఆయనే తీశారు.”

టీ గిన్నె దగ్గర నిలబడి ఉన్న ఏడుకొండలు చెయ్యి ఆగిపోయింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె నోట అబద్ధం విని ఎరగను. ఆయన కూడా ఎరగడనుకుంటాను. నా సంగతి అలా ఉంచండి, అబద్ధం చెప్పడానికే కొన్నారు నన్ను. ఆమెని ఎవరూ అందుకు తెచ్చుకోలేదు.

“నేను తియ్యలా,” అన్నాడు ఏడుకొండలు. చేతిలో చెంచా కింద పెట్టి, మళ్ళీ అన్నాడు. “నేనా ఒడ్డుకి పోనేలేదు. ఈ బండి ఫోర్‌వీల్ కాదు శేషగిరి గారూ. మీకు ఉగాదినాడు అబద్ధం చెప్పా. ఈమెకి కూడా అదే చెప్పా. బురదలో దిగబడితే ఎవరో లాగారు. ఆ సిగ్గుతో రమ్మన్నా పోలా.”

 ఎవరో దగ్గారు. శేషగిరి ఏదో వేళాకోళం ఆడబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. “టీ పొంగుతోందండీ,” అని మాత్రం అన్నాడు. తర్వాత మాటలు వాతావరణం మీదికి, పిల్లల చదువుల మీదికి పోయాయి. ఎప్పటికంటే తొందరగా అందరూ లేచారు.

నేను ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉన్నాను, గరిటెలకీ పట్టకారుకీ మధ్యన. ఎవరూ నన్ను పారెయ్యరు, ఎవరూ వాడరు. చెంచా కోసం ఏడుకొండలు సొరుగు తెరిచినప్పుడు ఆయన వేళ్ళు నన్ను తగలకుండా చుట్టూ తిరిగి పోతాయి. ఆ వేళ్ళకీ నాకూ మధ్య ఉన్న మొహమాటం ఇక తీరేది కాదు.

ఆ ఆదివారం అందరూ వెళ్ళాక ఇద్దరూ బండి వెనక మెట్టు మీద కూర్చున్నారు. చాలా వారాల తర్వాత సులోచన ఆయన పక్కన కూర్చుంది. మధ్యలో టీ గ్లాసులు రెండూ చల్లారిపోతున్నాయి. ఏడుకొండలు అడిగాడు.

“ఆ సరస్సు మళ్ళీ ఎప్పుడు నిండుతుందట?”

సులోచన గ్లాసు చేతిలోకి తీసుకుంది.

“ఎవరికీ తెలియదటండీ,” అంది.